ఉన్నందుకు ఏమిస్తారు?

మా పెదనాయన పోయాడు. కబురు వచ్చేసరికి నేను హైదరాబాదులో, ల్యాబులో, ఎవరిదో చెయ్యి పట్టుకుని నరం వెతుకుతున్నాను. పొద్దున పూట మా దగ్గర పరగడుపు పరీక్షల వాళ్ళు బారులు తీరి ఉంటారు. ఫోన్ మోగితే ఎత్తలేదు. వెంటనే మళ్ళీ మోగేసరికి నాకు అర్థమయింది. ఆ మనిషికి రక్తం తీసి, దూది పెట్టి, బయటికి వచ్చి మా పెద్దమ్మకు చేశాను.

"పోయినాడమ్మా మీ పెదనాయన. తెల్లారగట్ల నీళ్ళు అడిగినాడు, తాగినాడు, పోయినాడు," అంది. మళ్ళీ తనే, "యాడ పెట్టాలనేది మాట్లాడుకుంటా ఉండారు. నువ్వు రా," అంది.

ఆ మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది. మా పెదనాయనకు సెంటు భూమి లేదు. తర్లుపాడు దగ్గర మా ఊరి వల్లకాడు చుట్టూ ఇప్పుడు ప్లాట్లు వేశారు. అటు పోయే బాట ఎవరి ప్లాటులో పడిందో వాళ్ళు ఒప్పుకోవాలి, లేదంటే చుట్టు తిరిగి వాగులో దిగి పోవాలి. రోజూ రాత్రికి ఎక్కడ ఆగాలా అని చోటు అడుక్కుంటూ బతికిన మనిషికి, పోయాక కూడా చోటు అడగాల్సిన గతి పట్టింది. మా ఆయన క్యాబ్ నడుపుతాడు. ఆ కారులోనే బయలుదేరాం. దారి పొడుగునా నాకు కోపం. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను.

ఆయన గొర్రెల కాపరి. గొర్రెల మంద సంగతి తెలియని వాళ్ళు ఇది చదువుతుండొచ్చు కాబట్టి ఒక ముక్క చెప్పాలి. మా వైపు పంట ఎత్తేశాక రైతులు కాపర్లను పిలిచి, రాత్రిళ్ళు తమ చేలో మంద కట్టించుకుంటారు. గొర్రెలు పడుకున్న మేరా ఎరువు పడుతుంది. అందుకని ఆ రాత్రి తన చేలో ఉన్నందుకు రైతే కాపరికి గింజలు కొలుస్తాడు, అన్నం పెడతాడు. ఉండేవాడు ఇవ్వడు, పుచ్చుకుంటాడు. ఇది కాస్త గుర్తు పెట్టుకోండి, మా పెదనాయన లోకజ్ఞానం అంతా దీని మీదే నిలబడింది.

చిన్నప్పుడు బడి సెలవులకు పెద్దమ్మ వెంట నేనూ మంద దగ్గరికి పోయేదాన్ని. పొద్దున్నే మంద లేపే వేళకు రైతు కుంచం తెచ్చేవాడు. పెదనాయన భుజం మీది తుండుగుడ్డ తీసి నేల మీద పరిచేవాడు. రైతు కుంచం నిండా సజ్జలు కొలిచి, అరచేత్తో చదును చేసి, గుడ్డలో గుమ్మరించేవాడు. మా పెదనాయన గుడ్డ మూట కట్టకుండా అట్లాగే కూర్చునేవాడు.

"మరి కుక్కకి?" అనేవాడు.

"కుక్క సజ్జలు తింటాదా మామా?"

"తినేది తర్వాత సంగతి. రాత్రంతా కాపలా అయితే కాసింది గదా."

రైతు నవ్వి ఒక పిడికెడు వేసేవాడు. అప్పుడు గాని మూట పడేది కాదు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, హనుమంతునిపాడు వైపు పోయినా దర్శి దాకా పోయినా ఇదే తంతు. ఇవ్వను అన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళతో ఆయన పోట్లాడేవాడు కాదు, పోతూ పోతూ కుక్కకు వినబడేటట్టు, "నిన్ను లెక్కలో ఎయ్యలేదురా," అని చెప్పి పోయేవాడు. ఆ మాటకు సిగ్గుపడి వెనక్కి పిలిచిన రైతులు కూడా ఉన్నారు.

మంద లేపాక చేను చుట్టూ ఒకసారి తిరిగి, మంద చుట్టూ వల కట్టడానికి పాతిన గుంజల గుంటలన్నీ కాలితో పూడ్చేవాడు. "మనం ఉన్నట్టు ఎరువు చెప్పాల, గుంటలు చెప్పకూడదు," అనేవాడు. ఈ మాట నేను మరిచిపోలేదు. హైదరాబాదులో ఏ ఇల్లు ఖాళీ చేసినా గోడలకు మేకుల గుంటలు పళ్ళ పేస్టుతో పూడ్చి, పైన వేలితో నునుపు చేసి గాని నేను తాళం చేతులు ఇవ్వను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

ల్యాబ్ టెక్నీషియన్ చదువు అయ్యాక మార్కాపురంలో తిరిగాను, గిద్దలూరులో తిరిగాను. "ముందు పని నేర్చుకోమ్మా, జీతం సంగతి తర్వాత" అనేవాళ్ళే అందరూ. నేర్చుకుంటూనే ఉన్నాను, ఆ తర్వాత అనేది రాలేదు. మా నాయన పలకల గనిలో చేసి చేసి దగ్గు ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు. ఇట్లా ఉండగా హైదరాబాదులో ఒక చోట రమ్మన్నారు. మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగే డ్యూటీ. వచ్చే సోమవారానికి చేరాలి, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. హాస్టళ్ళు అడిగితే జీతంలో ముప్పాతిక అక్కడే పోయేటట్టుంది. పైగా గేటు తొమ్మిదికే మూస్తారట. చిన్న గది ఒకటి దొరికితే ఉద్యోగం, దొరక్కపోతే మళ్ళీ ఊరే.

"నేను వస్తా పదమ్మా. చోటు అడిగేది నాకు తెల్సినట్టు ఎవురికి తెల్సు," అన్నాడు పెదనాయన. గొంగళి భుజాన వేసుకుని, మందను పెద్దమ్మకు అప్పజెప్పి నాతో బస్సెక్కాడు. నేను కూడా నమ్మాను. మందకు చోటు అడిగిన మనిషి ఒక ఆడపిల్లకు గది అడగలేడా అనుకున్నాను.

మొదట వెళ్ళిన ఇంటి యజమాని గేటు అవతలే నిలబడి మాట్లాడాడు. ఎంతమంది, ఏ ఊరు, ఏమిటోళ్ళు, మాంసం వండుతారా, రాత్రి ఎన్నింటికి వస్తుంది, కిరాయి ఇంత, అడ్వాన్సు ఇంత. పెదనాయన అన్నిటికీ తల ఊపుతూ విన్నాడు. ఆయన చెప్పడం అయ్యాక, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"సరే అయ్యా, అద్దె మేమిస్తాం. ఆ సంగతి తెల్వక కాదు. మరి మా పిల్ల మీ ఇంట్లో ఉన్నందుకు మీరేమిస్తారు?"

"ఏందీ?" అన్నాడాయన.

"ఖాళీగా ఉంటే ఇల్లు బూజు పడతాది, పురుగూ పుట్రా చేరతాది. మా పిల్ల పొద్దున్నే ఊడుస్తాది, దీపం పెడతాది. మనిషి మసిలితే ఇంటికి బలం గదా. దాని సంగతేందీ అని."

గేటు మూసుకుంది. నేను వీధిలోనే పెదనాయన మీద విరుచుకుపడ్డాను. "నీకు దండం పెడతా పెదనాయనా, ఇది మంద కాదు. ఇక్కడ ఉండేవాళ్ళే ఇయ్యాల, ఇచ్చి నోరు మూసుకోవాల."

"మంద కాదని నాకు తెల్వదా ఏంది," అన్నాడు ఆయన, నిజంగానే అర్థం కాక. "చోటు ఒకరిది, ఉండేది ఇంకొకరు. యాడన్నా అంతే గదమ్మా. రెండు పక్కలా ఇచ్చిపుచ్చుకోవాల గదా."

ఎంత చెప్పినా ఆ ఒక్కటీ ఆయన తలకెక్కలేదు. తర్వాతి ఇంట్లోనూ అడిగాడు, ఆ తర్వాతి ఇంట్లోనూ అడిగాడు. ఒకచోట నవ్వారు, ఒకచోట పిచ్చివాడేమో అన్నట్టు చూశారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగి నిలబడేదాన్ని, అది ఏడుపో నవ్వో నాకే తెలియదు. ఆదివారం సాయంత్రమయింది. గది లేదు. తెల్లారితే సోమవారం.

అప్పుడు ఒక సందులో పాత పెంకుటిల్లు, వెనక తాళం వేసిన గది కనబడింది. పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. వాకిట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పెదనాయన ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుని, ఆ ప్రశ్నే అడిగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆమె ఒలవడం ఆపింది. "ఏం గావాలె నీకు?" అంది.

"నీళ్ళకు లెక్క పెట్టబాకమ్మా. మా కాడ నీళ్ళకు కరువు. ఈడకొచ్చి గూడా బిందెలు లెక్కేసుకోవాలంటే పిల్ల నొచ్చుకుంటాది."

"మంచిది, పెట్ట."

"మరి కుక్కకి?"

"కుక్కలు గిక్కలు నడవయ్ నా ఇంట్ల."

"కుక్క లేదమ్మా. కొసరు అడుగుతా ఉండా."

ఆమె నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత నన్ను చూసి, "డ్యూటీ నుంచి ఎప్పుడొస్తవ్ బిడ్డా?" అంది. భయపడుతూనే చెప్పాను. "నువ్వొచ్చేదాంక గేటుకు తాళమెయ్య. అదే నీ కొసరు, పో," అంది.

ఆ గేటుకు తాళం పడకపోవడం వల్లే నా ఉద్యోగం నిలబడింది. ఈ మాట నేను ఊరికే మర్యాదకు చెప్పడం లేదు. నాతో పాటు చేరిన ఇంకో అమ్మాయి హాస్టల్ గేటు గొడవతోనే మానేసి వెళ్ళిపోయింది. నేను ఎంత పొద్దుపోయి వచ్చినా ఆ పెద్దావిడ వాకిట్లో లైటు వెలుగుతుండేది. అదెప్పుడూ ఎవరూ అడగని కొసరు.

ఆమె కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక ఆ చోట అయిదంతస్తులు లేచాయి. అందులో గది అడిగే స్తోమత నాకు రాలేదు. జీతం ఒక అడుగు వేస్తే అద్దె రెండడుగులు వేసేది. పెళ్ళయి ఇద్దరమయ్యాక కూడా అంతే, ఇల్లు మారినప్పుడల్లా పనికి ఇంకాస్త దూరం జరిగేవాళ్ళం. మారిన ప్రతిసారీ పెదనాయన ఫోన్ చేసేవాడు.

"మంద యాడ కట్టినావు?"

చెప్పేదాన్ని.

"నీళ్ళు ఎట్ల? గేటు ఎట్ల? కొసరేందీ?"

కొసరు కోసం నేను తడుముకునేదాన్ని. వంటింటి కిటికీలోంచి వేపచెట్టు కనబడుతుందనో, కింద కూరగాయల బండి ఆగుతుందనో చెప్పేదాన్ని. ఒక ఇంటికి మాత్రం ఏమీ తోచలేదు. "ఏం లేదు పెదనాయనా, కొంప," అన్నాను విసుగ్గా. "పొద్దున పూట ఎండ పడదా?" అన్నాడు. పడుతుంది అన్నాను. "ఇంకేం, అదే అనుకో," అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఎండలో కూర్చునే టీ తాగాను.

ఊరికి వచ్చేయమని పెద్దమ్మ పోరుతుండేది. ఆయన ఒక్కసారీ అనలేదు. "మేత యాడుంటే ఆడికి పోయినాది, తప్పేముండాది," అనేవాడు. "మేత ఉన్నకాడ చోటు దొరకదు, చోటు ఉన్నకాడ మేత ఉండదు. నా మందకూ ఇదే బాధ. దానికి పిల్లనంటే ఎట్ల?" అద్దె కట్టిన రోజు నాకు ఆ మాట గుర్తొస్తుంది. బాధేమీ తగ్గదు గాని, తప్పు నాది కాదని మాత్రం తోస్తుంది.

మార్కాపురం జిల్లా అవుతుందన్న మాట వినబడిన దగ్గర్నుంచి మా వైపు చేలన్నీ రాళ్ళు పాతుకున్నాయి. కూడబెట్టింది కొంచెం ఉంది కదా అని నేనూ ఒక స్థలం చూడటానికి పెదనాయనను వెంటబెట్టుకుని పోయాను. అమ్మేవాడు రంగు రాళ్ళ మధ్య తిప్పుతూ, "ఈ మూల బిట్టు ఈశాన్యం, ధర ఎక్కువ," అన్నాడు. పెదనాయన ఆ మట్టిని కాలితో కదిపి చూశాడు. "ఈ మూలనే గదయ్యా నేను పండుకునేది. ఈ చేనోళ్ళే నాకు గింజలిచ్చేవోళ్ళు," అన్నాడు. అతను నవ్వలేదు, ధర చెప్పాడు. నేను కూడబెట్టింది ఆ మూలకు కాదు కదా, రోడ్డు పక్క చివరి దానికి కూడా చాలలేదు.

"ఇయ్యన్నీ ఎవురు కొన్యారు?" అని అడిగాడు పెదనాయన.

"ఎక్కువ మంది మనోళ్ళే. హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసేవోళ్ళు."

"వాళ్ళు యాడుంటారు మరి?"

"ఆడనే, అద్దెకి."

పెదనాయన రాళ్ళ వరసను ఆ కొస దాకా చూశాడు. "మనుషులు ఆడ చోటు లేక అల్లాడతా ఉండారు, చోటు ఈడ మనుషులు లేక పండుకోనుండాది," అన్నాడు. తర్వాత వంగి గడ్డి పరక ఒకటి పీకి నములుతూ, "మేత మటుకు బాగుండాది," అన్నాడు. కాపలావాళ్ళు అదిలించేదాకా కొన్నాళ్ళు ఆయన గొర్రెలు ఆ రాళ్ళ మధ్యే మేశాయి.

చేలు తగ్గాయి, పిలిచే రైతులు తగ్గారు. పిలిచేవాళ్ళు కూడా గింజలు మాని డబ్బులు చేతిలో పెట్టేవాళ్ళు. పాతకాలం రైతు ఒక్కడే మిగిలాడు. కందులు పండిస్తాడు కాబట్టి మేం కందిచేను బావ అంటాం. పెదనాయనను మామా అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేదు. పక్క చేలన్నీ ప్లాట్లయినా అతను తనది అమ్మలేదు. అతని తండ్రి కాలం నుంచీ ఏటా ఆ చేలో మంద కట్టింది మా పెదనాయనే.

తర్వాత ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. మంద అమ్మేశారు. మా వైపు దానికి వైద్యం దొరకదు, హైదరాబాదు తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. పెదనాయన మా ఇంటిని తిరిగి చూసి, గోడ మీద చెయ్యి వేసి, "మంచి చోటే," అన్నాడు. పక్క మీద లేవలేని స్థితికి వచ్చాక ఒకరోజు ఇంటి యజమాని మెట్ల దగ్గర నన్ను ఆపాడు. చెడ్డవాడు కాదు. ఆస్పత్రికి రెండుసార్లు తన కారులోనే దించాడు. చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"ఏమనుకోకమ్మా. పెద్దాయన పరిస్థితి చూస్తున్నా. ఇంట్లో జరగరానిది జరిగి, నక్షత్రం మంచిది కాదంటే ఆరు నెలలు ఇల్లు మూసుకోవాలంటారు. మా అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు అతని మీద కోపం రావాల్సినంత రాలేదు, అదే ఇంకా కష్టమనిపించింది.

లోపలికి వచ్చేసరికి పెదనాయన తలుపు వైపే చూస్తున్నాడు. అంతా విన్నాడు.

"కోపం తెచ్చుకోబాకమ్మా. ఆయన ఇల్లు, ఆయన భయం," అన్నాడు. "మంద లేపే పొద్దయినాది. నన్ను తోలుకపో."

మర్నాడు కారులో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోయాం. ఊరు దగ్గరపడ్డాక కందిచేను దగ్గర ఆపమన్నాడు. బావ చేలోంచి పరుగున వచ్చి కారు కిటికీ పట్టుకున్నాడు.

"అల్లుడా, ఇంకొక్క రాత్రి మీ చేలో ఉంటా. ఏమిస్తావు?" అన్నాడు పెదనాయన.

"ఎన్ని గొర్రెలు మామా?" అన్నాడు బావ, అలవాటు కొద్దీ నవ్వుతూ.

"గొర్రెలు లేవు. ఒక్కణ్ణే."

బావ నవ్వు ఆగిపోయింది. కిటికీ మీది చెయ్యి చాలాసేపు తియ్యలేదు. పెదనాయనను ఇంట్లో పెద్దమ్మ దగ్గర దింపి, పని కోసం నేను తిరిగి వచ్చేశాను. ఆ వారంలోనే పెద్దమ్మ నుంచి ఫోన్.

మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో జనం. వల్లకాటి బాట సంగతి ఇంకా తెగలేదు. ప్లాటు కొన్నవాళ్ళకు ఎవరో ఫోన్ చేస్తున్నారు, వాళ్ళు ఎత్తడం లేదు. పెదనాయన గొంగళి మీద పడుకుని ఉన్నాడు, తన సంగతి కానట్టు. అప్పుడు బావ వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా పెద్దమ్మ ముందు నిలబడ్డాడు.

"ఎవుర్నీ అడుక్కునేది లేదత్తా. మామ నన్ను అడిగినాడు. మా చేలోనే పెడదాం."

పొద్దు గుంకే లోపల కందిచేలో, ఏటా మంద కట్టే చోటనే పెట్టాం. నేను మట్టి వేసి వచ్చాను. కారులో పట్టుకున్న కోపం అక్కడే ఎక్కడో వదిలిపోయింది.

మరునాడు పొద్దున పెద్దమ్మా నేనూ పాలచెంబు పట్టుకుని పోయాం. పెద్దమ్మ భుజం మీద ఆయన తుండుగుడ్డ ఉంది. మాకంటే ముందే బావ వచ్చి ఉన్నాడు. చేతిలో కుంచం, పక్కన కందుల సంచి.

"ఏందయ్యా ఇది?" అంది పెద్దమ్మ.

"రాత్రి మా చేలో ఉన్యాడు గదత్తా," అన్నాడు బావ.

పెద్దమ్మ పాలచెంబు నా చేతికిచ్చింది. తుండుగుడ్డ తీసి, మట్టి పక్కన పరిచింది. బావ కుంచం నిండా కందులు కొలిచి, అరచేత్తో చదును చేసి, గుడ్డలో గుమ్మరించాడు. పెద్దమ్మ కొసలు అందుకోబోయింది. బావ కుంచం కింద పెట్టలేదు. ఎవరో ఏదో అడగాలని ఎదురు చూస్తున్నట్టు కాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత వంగి, సంచిలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి ఆ కుప్ప మీద పోశాడు.

"కుక్కకి," అన్నాడు.